షట్టరు బరువెక్కిందా... జాగ్రత్త!
ఏడాదికి రెండుసార్లు సంరక్షణ చాలు.. స్ప్రింగుల జోలికి మాత్రం పోరాదు

అమలాపురం: ఇల్లు కట్టుకునేవారు సింహద్వారానికి మంచి టేకు కోసం ఊళ్లు తిరుగుతారు. గడప నిలబెట్టడానికి ముహూర్తం చూస్తారు. అదే ఇంట్లో కారు షెడ్డుకో, వీధివైపు కొట్టుగదికో అమర్చే ఇనుప షట్టరు విషయానికి వచ్చేసరికి చదరపు అడుగుల లెక్కన బేరం కుదిరితే చాలనుకుంటారు. దసరాకు దానికి పసుపు, కుంకుమ అద్దుతారు. చుక్క నూనె వేయడం మాత్రం మరచిపోతారు. ఇంట్లో కదిలే తలుపులన్నింటిలోకీ బరువైనది ఇదేనన్న సంగతి, అది మొరాయించేదాకా చాలామందికి తట్టదు.

షట్టరు సాధారణంగా ఒక్కరోజులో పాడవదు. మొదట ఒంటిచేత్తో లేచినది కొన్నాళ్లకు రెండు చేతులు కోరుతుంది. మరికొన్నాళ్లకు మరొకరి సాయం కావలసి వస్తుంది. ‘పాతబడింది కదా’ అని ఇంటిల్లిపాదీ సర్దుకుపోతుంటారు. నిజానికి అలా బరువెక్కడమే షట్టరు ఇచ్చే తొలి హెచ్చరిక. దానిని పెడచెవిన పెడితే ఏదో ఒకరోజు సగం ఎత్తిన షట్టరు జారి కిందనున్నవారిపై పడే ప్రమాదం ఉంది. ఈ హెచ్చరికను గుర్తించడం ఎలాగో, ఇంటివారు స్వయంగా చేసుకోదగిన పనులేవో, మేస్త్రీకే వదిలేయవలసినవి ఏవో తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.

బరువు మోసేది స్ప్రింగులే

ఇళ్లకు వాడే సాధారణ షట్టరులో ప్రధాన భాగాలు ఐదు. ఒకదానిలో ఒకటి ఇమిడి గొలుసుకట్టుగా ఉండే రేకు పట్టీలు, అవి అటూ ఇటూ జారిపోకుండా నడిపించే గైడు చానళ్లు, పైన రెండు బ్రాకెట్ల మధ్య ఉండే షాఫ్టు, దానిపై అమర్చిన స్ప్రింగులు, నేలను తాకే అడుగుపట్టీ. పైభాగాన్ని కప్పుతూ రేకు పెట్టె ఉంటుంది.

10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల షట్టరునే తీసుకుంటే విస్తీర్ణం 80 చదరపు అడుగులు. 1.25 మిల్లీమీటర్ల మందం గల ఇనుప రేకు చదరపు మీటరుకు సుమారు 9.8 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన సాదా రేకు బరువే 72 కిలోలు దాటుతుంది. పట్టీల అంచుల మడతలు, అడుగుపట్టీ, తాళాలు కలిపితే ఇంకా పెరుగుతుంది. ఇంతటి బరువును ఇంటి ఇల్లాలు సైతం ఒంటిచేత్తో ఎత్తగలుగుతున్నారంటే కారణం స్ప్రింగులే. షట్టరును కిందికి దించుతున్నకొద్దీ అవి చుట్టుకుని బిగుసుకుంటాయి. పైకి ఎత్తేటప్పుడు ఆ బిగువు విడుదలై బరువులో అధిక భాగాన్ని అవే మోస్తాయి. అంటే మూసి ఉన్న షట్టరులోనే స్ప్రింగుల బిగువు గరిష్ఠ స్థాయిలో ఉంటుంది. చూడటానికి కదలకుండా ఉన్నా లోపల బోలెడంత శక్తి దాగి ఉంటుందన్న మాట.

రాపిడా? స్ప్రింగా?

షట్టరు బరువెక్కడానికి ముఖ్యంగా రెండు కారణాలు ఉంటాయి. మొదటిది గైడు చానళ్లలో దుమ్ము, తుప్పు చేరి రాపిడి పెరగడం. రెండోది స్ప్రింగులు బిగువు కోల్పోవడం లేదా వాటిలో ఒకటి తెగిపోవడం. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు.

ఎత్తేటప్పుడూ, దించేటప్పుడూ కూడా షట్టరు ఒకేలా మొరాయిస్తే అది రాపిడి. దీనిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. ఎత్తడానికి కష్టమై, దించేటప్పుడు మాత్రం చేతిలో నిలవకుండా దభీమని పడిపోతుంటే అది స్ప్రింగుల లోపం. అటువంటి షట్టరుకు ఎంత నూనె పోసినా ప్రయోజనం ఉండదు. పైగా రాపిడి తగ్గి మరింత వేగంగా పడుతుంది. వెంటనే వాడకం ఆపి మేస్త్రీని పిలవాలి.

అనుమానం ఉంటే షట్టరును నడుము ఎత్తుకు లేపి పట్టు కొద్దికొద్దిగా సడలించి చూడాలి. చేతులు పూర్తిగా తీసివేయరాదు. పాదాలు, వేళ్లు అడుగుపట్టీ కింద ఉండకూడదు. ఆరోగ్యంగా ఉన్న షట్టరు ఉన్నచోటే నిలుస్తుంది, లేదా నెమ్మదిగా కదులుతుంది. బరువంతా ఒక్కసారిగా చేతిపై పడితే స్ప్రింగులు సడలినట్లే. ఈ పరీక్ష చేసేటప్పుడు పిల్లలను దరిదాపుల్లో ఉంచరాదు.

ఇంటివారు చేసుకోదగిన పనులు

సంరక్షణలో మొదటి మెట్టు శుభ్రత. గైడు చానళ్లలో దుమ్ము, ఇసుక, సాలెగూళ్లు, కందిరీగల గూళ్లు చేరుతుంటాయి. పాత గ్రీజుతో దుమ్ము కలిస్తే నల్లటి ముద్దగా మారి పట్టీలను పట్టేస్తుంది. సన్నని పొడి బ్రష్షుతో పైనుంచి కిందికి దులిపి, ముద్ద కట్టిన చోట కిరోసిన్ అద్దిన గుడ్డతో తుడవాలి. ఆ సమయంలో దగ్గరలో నిప్పు ఉండరాదు. తుడిచిన గుడ్డలను షెడ్డులో కుప్పగా పడేయకూడదు.

చానళ్లు పూర్తిగా ఆరిన తరువాతే నూనె వేయాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. గైడులకు చిక్కటి గ్రీజు దట్టంగా పూస్తారు. అది కొద్దిరోజులు మృదువుగా పని చేసినా తరువాత దుమ్మును ఆకర్షించి కొత్త సమస్య తెచ్చిపెడుతుంది. వాహనాల నుంచి తీసిన పాత ఇంజిను ఆయిలు సైతం ఇంతే. కోనసీమ ఇళ్లలో చేతికి అందేది కొబ్బరినూనె కనుక దానినే వేసేవారూ ఉన్నారు. 24 డిగ్రీల కంటే చలి పెరిగితే కొబ్బరినూనె పేరుకుంటుంది. చలికాలపు ఉదయాల్లో షట్టరు బిగుసుకోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. కుట్టుమిషనుకు వాడే పలుచని నూనె గానీ, హార్డువేరు దుకాణాల్లో దొరికే సిలికాన్ స్ప్రే గానీ వాడటం ఉత్తమం. కొద్దిగా వేసి, షట్టరును నాలుగైదుసార్లు ఎత్తి దించి, మిగిలిన నూనెను గుడ్డతో తుడిచేయాలి.

పట్టీలు ఒకదానితో ఒకటి కలిసే మడతల వద్ద కూడా ఇదే నూనెను పలుచగా అద్దాలి. తాళంచెవి రంధ్రంలో నూనె పోయరాదు. అక్కడ దుమ్ము చేరి తాళం తిరగకుండా పోతుంది. దానికి గ్రాఫైటు పొడి వాడాలి. అది దొరకనిచోట పెన్సిలు ముల్లును మెత్తగా అరగదీసి ఆ పొడిని తాళంచెవికి అద్ది రెండుమూడుసార్లు తిప్పినా సరిపోతుంది.

పక్క గడియలు దిగే నేల రంధ్రాలను చాలామంది మరచిపోతారు. వాటిలో మట్టి నిండితే గడియ పూర్తిగా దిగదు. తాళం వేశామన్న భ్రమ మాత్రమే మిగులుతుంది. దొంగల భయం ఉన్నవారు షట్టరు సంరక్షణను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఉప్పు గాలికి తుప్పు తోడు

సముద్రానికి దగ్గరగా ఉన్న గ్రామాల్లో గాలిలోని ఉప్పు, తేమ ఇనుమును త్వరగా తినేస్తాయి. అన్నింటికంటే ముందు దెబ్బతినేది అడుగుపట్టీ. షెడ్డు కడిగిన నీరు అక్కడే నిలుస్తుంది. ముగ్గు కోసం చల్లే కళ్లాపి అక్కడికే చేరుతుంది. పైకి రంగు బాగానే కనిపిస్తున్నా లోపలివైపు రేకు పొరలుగా ఊడుతుంటుంది. కనుక నెలకొకసారి షట్టరును మోకాలి ఎత్తుకు లేపి, కింద గట్టి దుంగ గానీ ఇటుకలు గానీ ఆనించి, అడుగుపట్టీ లోపలివైపు చూడాలి. ఆధారం లేకుండా చేతులు పెట్టరాదు.

తుప్పు పైపైనే ఉంటే ఎమిరీ కాగితంతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక పూత వేయాలి. అది ఆరాక ఎనామిల్ రంగు రెండు పూతలు వేయాలి. తుప్పు మీదనే రంగు వేస్తే లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది. పట్టీలు కలిసే మడతల్లో రంగు దట్టంగా నిండితే అవి తిరగక షట్టరు బిగుసుకుంటుంది. అందువల్ల రంగు పలుచగా వేసి, పూర్తిగా ఆరాకే షట్టరును చుట్టనివ్వాలి. జింకు పూత గల షట్టర్లు ఇటువంటి వాతావరణంలో ఎక్కువ కాలం మన్నుతాయి. అయితే ఆ పూత గీసుకుపోయినచోట వాటికీ తుప్పు తప్పదు.

తుపాను, వరద వేళల్లో..

1996 నవంబరు 6న కోనసీమను అతలాకుతలం చేసిన తుపానును, 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్‌ను చూసినవారికి గాలి బలం గురించి చెప్పనక్కరలేదు. వెడల్పైన షట్టరు గాలికి తెరచాప వంటిది. ఒత్తిడికి మధ్యలో ఉబ్బి పట్టీల అంచులు గైడుల నుంచి బయటికి వచ్చేస్తాయి. తుపాను హెచ్చరిక వెలువడగానే షట్టరును పూర్తిగా దించి, రెండువైపుల గడియలూ, మధ్య తాళమూ వేయాలి. సగం ఎత్తి ఉంచడం ప్రమాదకరం. గాలి వీస్తున్న సమయంలో షట్టరును పట్టుకుని ఆపే ప్రయత్నం చేయరాదు.

2022 జులైలో వచ్చిన గోదావరి వరదలో లంక గ్రామాలు నీట మునిగాయి. అటువంటి ముంపు తరువాత ఒండ్రు మట్టి గైడు చానళ్లలో చేరి ఎండితే సిమెంటులా గట్టిపడుతుంది. నీరు తీయగానే మట్టి తడిగా ఉండగానే మంచినీటితో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి నూనె వేయాలి. మట్టి ఎండిన తరువాత బలవంతంగా ఎత్తితే పట్టీలు వంగిపోతాయి. మోటారుతో నడిచే షట్టరైతే ఎలక్ట్రీషియన్ పరీక్షించేవరకు స్విచ్చి వేయకూడదు.

లక్షణాన్ని బట్టి కారణం

షట్టరు ఒకవైపు ముందుగా, మరోవైపు ఆలస్యంగా లేస్తుంటే ఒక స్ప్రింగు సడలి ఉండవచ్చు. లేదా పట్టీలు పక్కకు జరగకుండా ఆపే చివరి బిళ్లలు ఊడి, పట్టీ ఒకవైపు జరిగి ఉండవచ్చు. బిళ్లల లోపం కంటికే కనిపిస్తుంది.

ప్రతిసారీ ఒకేచోట ఆగిపోతుంటే అక్కడ గైడు చానల్ నొక్కుకుపోయి ఉంటుంది. వాహనం తగలడమే ఇందుకు సాధారణ కారణం. కొద్దిపాటి నొక్కును చెక్క ఆనించి సుత్తితో సరిచేయవచ్చు. ఎక్కువైతే చానల్ మార్చడమే మేలు.

పూర్తిగా ఎత్తిన షట్టరు దానంతట అదే కిందికి జారుతుంటే స్ప్రింగుల బిగువు చాలడం లేదని అర్థం. చాలామంది దానికి కర్ర ఊతమిచ్చి రోజులు గడుపుతుంటారు. ఆ కర్రకు స్కూటరు తగిలినా, ఆడుకునే పిల్లవాడు లాగినా ఏమి జరుగుతుందో ఊహించుకోవచ్చు. ఇది ఒక్కరోజు కూడా వాయిదా వేయదగిన లోపం కాదు.

గడియ తీయగానే షట్టరు జివ్వున పైకి లేస్తుంటే అది సదుపాయం కాదు, బిగువు మితిమీరిందన్న సూచన. పై పెట్టెలో టప్పుమని పెద్ద శబ్దం వచ్చి, ఆ వెంటనే షట్టరు విపరీతంగా బరువెక్కితే స్ప్రింగు తెగినట్లు భావించాలి. ఆ సమయంలో షట్టరు మూసి ఉంటే మూసినట్లే ఉంచాలి. తెరిచి ఉంటే కింద నుంచి రాకపోకలు ఆపాలి. లోపల కారు చిక్కుకుందని నలుగురు కలిసి ఎత్తబోవడం మంచిది కాదు. ఒకరి పట్టు జారినా మిగిలినవారి చేతులపైనే భారం పడుతుంది.

మేస్త్రీకే వదిలేయాలి

పై పెట్టె విప్పడం, బ్రాకెట్ల బోల్టులు సడలించడం, స్ప్రింగులు బిగించడం లేదా మార్చడం.. ఈ పనులు ఇంటివారు ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. బిగువులో ఉన్న స్ప్రింగు కొన పట్టు తప్పితే షాఫ్టు గిర్రున తిరిగి చేతి ఎముకలు విరిగే ప్రమాదం ఉంది. ముఖానికి తగిలితే కళ్లకే ముప్పు. వెల్డింగు తెలిసిన ప్రతివారికీ షట్టరు పని తెలిసి ఉంటుందని అనుకోవడం కూడా పొరపాటే. షట్టర్లు తయారుచేసి అమర్చే దుకాణం నుంచి మనిషిని పిలిపించుకోవాలి.

మేస్త్రీ వచ్చినప్పుడు ఇంటివారు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. స్ప్రింగులన్నీ ఒకేసారి అమర్చినవి కనుక ఒకటి తెగితే మిగిలినవీ అదే వయసులో ఉన్నట్లే. ఒక్కటే మారిస్తే బిగువు సమంగా ఉండదు. కొద్దిరోజుల్లో మళ్లీ పని పడుతుంది. అందువల్ల అన్నింటినీ కలిపి మార్పించడమే లాభం. పాత స్ప్రింగు తీగ మందం ఎంతో, కొత్తదీ అంతే ఉందో లేదో చూసుకోవాలి. పని పూర్తయ్యాక నడుము ఎత్తు పరీక్షను మేస్త్రీ చేతనే చేయించి, ఆ తరువాతే డబ్బు చెల్లించాలి.

వెల్డింగు చేయవలసి వస్తే ముందుగా షెడ్డులోని కారు, మోటారుసైకిలు, గ్యాసు సిలిండరు, పెట్రోలు డబ్బా, కొబ్బరి డొక్కలు వంటివన్నీ బయటికి తరలించాలి. నిప్పురవ్వలు చాలా దూరం ఎగిరిపడతాయి. ఒక బకెట్టు నీరు, మరో బకెట్టు ఇసుక సిద్ధంగా ఉంచుకోవాలి.

మోటారు ఉంటే మరింత అప్రమత్తత

ఇటీవలి ఇళ్లలో రిమోటుతో తెరుచుకునే షట్టర్లు పెరిగాయి. మోటారు ఉన్న షట్టరు బరువెక్కిన విషయం చేతికి తెలియదు. రాపిడి పెరిగినా, స్ప్రింగు సడలినా మోటారు లాగుతూనే ఉంటుంది. చివరికి మోటారు వేడెక్కి కాలిపోతుంది. కనుక శబ్దం మారినా, తెరుచుకోవడానికి ముందుకంటే ఎక్కువ సమయం తీసుకుంటున్నా కారణం చూడాలి.

శుభ్రం చేసేముందు మెయిన్ స్విచ్చి ఆపివేయాలి. ఇనుప షట్టరుకు ఎర్తింగు తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు చేత్తో తెరిచేందుకు ఉండే గొలుసు ఎక్కడుందో, ఎలా వాడాలో ఇంట్లో పెద్దవారందరికీ తెలిసి ఉండాలి. రిమోటును పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వరాదు. షట్టరు పూర్తిగా మూసుకునేవరకు మీట నొక్కినవారు అక్కడే నిలబడి చూడాలి.

అమెరికా గ్యారేజీలకూ ఇదే సూత్రం

పిల్లల వద్దకు అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు అక్కడ మరో రకం తలుపు ఎదురవుతుంది. చుట్టుకునే షట్టరుకు బదులు, వెడల్పైన పలకలు పట్టాల వెంట లేచి పైకప్పు కిందికి జరుగుతాయి. ఈ రకం తలుపును 1921లో, దానిని విద్యుత్తుతో తెరిచే సాధనాన్ని 1926లో సి.జి.జాన్సన్ రూపొందించారు. అక్కడా బరువు మోసేది స్ప్రింగులే. వాటిని ఇంటివారు ముట్టుకోరాదన్న నియమమూ అదే.

కిందనున్న మనిషిని గుర్తించి తలుపు వెనక్కి లేచే ఏర్పాటు 1993 జనవరి 1 తరువాత తయారైన తలుపు మోటార్లకు అక్కడ తప్పనిసరి. ఇందుకోసం ద్వారానికి ఇరువైపులా నేల నుంచి 6 అంగుళాలు మించని ఎత్తులో చిన్న సెన్సార్లు అమర్చుతారు. వాటికి సామాన్లు అడ్డుపెట్టరాదు. అద్దాలపై దుమ్ము చేరితే తలుపు మూసుకోదు, మెత్తటి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. అంగుళంన్నర మందం గల చెక్కను నేలపై పరచి తలుపు మూసినప్పుడు, చెక్కను తాకగానే తలుపు తిరిగి పైకి లేవాలి. నెలకొకసారి ఈ పరీక్ష చేయడం అక్కడి ఆచారం. ఇక్కడ మోటారు షట్టరు పెట్టించుకునేవారు కూడా ఇటువంటి సెన్సార్లు ఉన్నవి ఎంచుకోవడం శ్రేయస్కరం.

కొత్తగా అమర్చుకునేవారు..

లోహపు రోలింగ్ షట్టర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 6248 పేరిట ప్రమాణాలు నిర్దేశించింది. కేంద్ర ప్రజాపనుల శాఖ ధరల పట్టికలో 80 మిల్లీమీటర్ల వెడల్పు, 1.25 మిల్లీమీటర్ల మందం గల పట్టీల షట్టరు ప్రస్తావన ఉంది. వెడల్పు 3.5 మీటర్లు దాటితే గాలి ఒత్తిడిని తట్టుకునేందుకు మధ్యలో మరో గైడు చానల్ గానీ, వెనుక ఆధారం గానీ ఏర్పాటు చేయాలన్నది ఆ శాఖ నిబంధన. తీరప్రాంతవాసులు దీనిని తప్పక గుర్తుంచుకోవాలి. బేరమాడేటప్పుడు చదరపు అడుగు ధరతో పాటు రేకు మందం, స్ప్రింగుల సంఖ్య, జింకు పూత ఉన్నదీ లేనిదీ రసీదుపై రాయించుకోవాలి. రేకు పలుచనైతే ధర తగ్గవచ్చు గానీ చిన్న దెబ్బకే సొట్టపడి గైడులలో ఇరుక్కుంటుంది.

ఏడాదికి రెండు పూటలు

షట్టరు సంరక్షణకు ప్రత్యేకించి రోజులు వెతకనక్కరలేదు. వానలు మొదలయ్యేముందు మే నెలాఖరున ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టే దసరా వేళ మరొకసారి.. ఒక్కో పూట కేటాయిస్తే చాలు. దులపడం, తుడవడం, పలుచగా నూనె వేయడం, అడుగుపట్టీ, గడియలు చూడటం, నడుము ఎత్తు పరీక్ష చేయడం.. ఇంతే పని. తీరానికి దగ్గరలోని ఇళ్లవారు మరో రెండుసార్లు చేస్తే ఇంకా మంచిది.

చిన్న బ్రష్షు, నూనె సీసా, పాత గుడ్డ ఉంటే ఈ పనికి పెద్దగా ఖర్చు కాదు. అయితే ఆ పూట ముగిశాక కూడా షట్టరు బరువుగానే లేస్తుంటే లోపం నూనెతో తీరేది కాదని గ్రహించాలి. ఆయుధపూజ నాడు పసుపు, కుంకుమ పెట్టేముందు ఒకసారి ఎత్తి దించి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.